గీత మీది పొడి

మార్చి 3, సోమవారం

ఈ పుస్తకం బావ ఇచ్చాడు, గిటారు కొలతలు రాసుకోమని. కొలతలు నాకు కంఠతా వచ్చు. అందుకని ఇందులో వేరేవి రాసుకుంటాను. మనిషన్నాక ఎక్కడో ఒకచోట వాగాలి కదా. షాపులో వాగితే బావ వింటాడు, ఇంట్లో వాగితే మా ఆవిడ కంగారు పడుతుంది.

తనకి దగ్గు మొదలై ఆరు వారాలు. ఇవాళ బజారు నుంచి వచ్చి మెట్లెక్కుతూ రెండో అంతస్తులో ఆగిపోయింది. సంచి నా చేతికిచ్చి గోడకి ఆనుకుని, "మనం లేనప్పుడు ఎవరో మెట్లు పెంచారండీ" అంది. నవ్వేశాను. పైకొచ్చాక చూస్తే పెదాలు పాలిపోయి ఉన్నాయి.

"అన్నయ్యకి చెప్పకండి" అంది.

మార్చి 4

బావకి చెప్పేశాను. నా నోట్లో నువ్వుగింజ నానదు.

"మంచి డాక్టర్ని చూపించు. నా చెల్లెల్ని నీకిచ్చింది మెట్ల మీద నిలబెట్టడానికి కాదు" అన్నాడు. బావకి కోపం వచ్చినా చెయ్యి ఆగదు, గిటారు పొట్టని నునుపు చేస్తూనే తిడతాడు.

తనకి తగ్గేదాకా కోత పని ఇంట్లో చేసుకుంటానన్నాను. కొత్త ఆర్డరులో నా వంతు గిటారు మెడ పొడుగునా ఒక ఆకుల తీగ బొమ్మ. నలభై ఒక్క ఆకులు. అన్నీ ముత్యపు చిప్పలో కోసి నల్ల చెక్కలో పొదగాలి. ఆర్డరిచ్చింది పాటలు పాడే ఆవిడ, ఏప్రిల్ లో కావాలి.

"ఇంట్లో గొట్టం లేదుగా" అన్నాడు బావ. షాపులో నా బల్ల పక్కన చిప్ప పొడిని లాగేసే గొట్టం ఉంటుంది. ఆయన పెట్టించిందే.

"కిటికీ తీసి పెడతాలే బావా."

"నీళ్ళు చల్లుకుంటూ కొయ్యి."

"సరే."

నీళ్ళు చల్లితే చిప్ప మీద అంటించిన కాగితం జారిపోతుంది. ఆకు గీత ఉండేది ఆ కాగితం మీదే. ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఏదో అనాలి కాబట్టి అన్నాడు.

మార్చి 6

ఇంట్లో మొదటి రోజు. కిటికీ దగ్గర బల్లకి నా చెక్క బిగించాను. చెక్క చివర చీలిక ఉంటుంది. ఆ చీలిక మీద చిప్ప ముక్కని వేళ్ళతో అదిమిపట్టి, రంపం కిందికీ పైకీ ఆడించాలి. రంపం తీగ వెంట్రుక కంటే కాస్త లావు, అంతే. రెండు చేతులూ పనిలోనే ఉంటాయి. నాలుగుసార్లు ఆడేసరికి తెల్లటి పొడి లేచి గీతని కప్పేస్తుంది. గీత కనిపించకపోతే ఎంత పనివాడైనా పనికిరాడు.

ఊదుదామని వంగాను. ఇంతలో తను టీ గ్లాసుతో వచ్చి ఎదురుగా కూర్చుంది. "జరగండి" అని ముందుకి వంగి ఉఫ్ మంది. గీత తేలింది.

ఇరవై ఆరేళ్ళ కిందటి మాట. పెళ్ళయిన కొత్తలో మాకు ఒక్కటే గది, ఒక్కటే బల్ల. పొద్దున దాని మీదే కోత, మధ్యాహ్నం దాని మీదే భోజనం. నేను "ఊఁ" అంటే తను ఊదేది. అలా మూడేళ్ళు, అమ్మాయి పుట్టేదాకా ఊదింది. "పెళ్ళాం చేత గొట్టం పని చేయిస్తున్నావురా" అని బావ ఏడిపించేవాడు. తరవాత ఆయనే షాపులో నాకు బల్ల వేయించాడు.

అప్పటి గిటార్లు ఇప్పుడు ఎక్కడ మోగుతున్నా వాటి మీది ప్రతి ఆకూ నీ ఊపిరితో తేలిందే అన్నాను. "ఈ డైలాగు అప్పుడు చెప్పి ఉంటే ఇంకా గట్టిగా ఊదేదాన్ని" అంది.

పదకొండు ఆకులు. ఒక్క రంపం తీగ కూడా తెగలేదు. ఇంత హాయిగా పని చేసి ఎన్నేళ్ళయిందో.

సాయంత్రం దగ్గు ఎక్కువైంది. ఎదురింటికి రంగులు వేస్తున్నారు, ఆ వాసన.

మార్చి 7

ఇంట్లోనే. తొమ్మిది ఆకులు. తను ఊదింది. దగ్గు, కొద్దిగా జ్వరం. ఆ రంగుల వాసన.

మార్చి 8

ఇంట్లో. రెండాకులే. మధ్యాహ్నానికి తను పడుకుంది. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుందట. కిటికీ మూసేశాను. కిందికెళ్ళి ఆ రంగుల వాళ్ళతో గొడవ పెట్టుకున్నాను. ఒకడు నిచ్చెన మీంచే, "ఇది వాసన రాని రంగు సార్" అన్నాడు. వాసన రాని రంగట. నా చెవిలో పువ్వు పెడుతున్నాడు.

మార్చి 10, సోమవారం

షాపు. అయిన ఆకుల్ని చెక్కలో కూర్చి చూద్దామన్నాడు బావ.

మార్చి 11

షాపు. తను ఇవాళ మెట్లు రెండుసార్లు దిగి ఎక్కిందట. రాగానే గొప్పలు.

మార్చి 12

షాపు. వచ్చేసరికి పాడుకుంటూ బట్టలు మడత పెడుతోంది. బాల్కనీలోంచి చూస్తే ఎదురింట్లో ఇంకా రంగు వేస్తూనే ఉన్నారు, రెండో పూత. తనకి అలవాటైపోయి ఉంటుంది.

మార్చి 13

తను బాగుంది కదా అని మళ్ళీ ఇంట్లో పెట్టాను. ఎదురుగా కూర్చుని ఊదుతూ కబుర్లు చెప్పింది. ఆరు ఆకులు.

మార్చి 14

ఇంట్లో. మూడే. తను మాట మధ్యలో ఊపిరి తీసుకుంటోంది. "మీరు" అని ఆగి, "టీ తాగుతారా" అంటోంది. వాతావరణం మారింది.

మార్చి 15

వాతావరణం కాదు. ఏమిటో తెలియడం లేదు. భయంగా ఉంది. సోమవారం డాక్టరు దగ్గరికి.

మార్చి 17, సోమవారం

మొదట ఊపిరి పరీక్ష. నోట్లో గొట్టం పెట్టుకుని ఊదితే తెర మీద గీత వస్తుంది. పరీక్ష చేసే అమ్మాయి "గట్టిగా అమ్మా, ఇంకా, ఇంకా, ఆపకండి" అని ఒకటే కేకలు, పరుగు పందెంలో ఉన్నట్టు. గీత కాస్త లేచి పడిపోయింది. సగంలోనే దగ్గు. అలా మూడుసార్లు. మూడోసారి అయ్యాక తను మూతి తుడుచుకుని, "ఊదడం నాకేం కొత్త కాదమ్మా, మూడేళ్ళు అదే పని" అంది.

"ఏం ఊదేవారు?"

తను నా వైపు చూసింది.

"బెలూన్లు" అన్నాను. "పిల్లల పుట్టినరోజులకి."

ఎందుకలా అన్నానో తెలియదు. నోటికొచ్చేసింది. తను తల దించుకుంది.

డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. ఒక్కో ప్రశ్నా అడిగి జవాబు రాసుకున్నాకే రెండోది అడుగుతుంది. ఇంట్లో పావురాలున్నాయా? లేవండి. గోడలకి బూజు? లేదు. పొగ తాగుతారా? లేదు.

"మీరేం చేస్తారు?"

"గిటార్లు చేస్తామండీ."

"అయితే చెక్క పొడి ఉంటుందే."

"చెక్క పని మా బావది. నాది డిజైన్ పని."

"ఇంట్లో ఏ పొడీ లేదంటారు."

"లేదండి."

రాసుకుంది. తరవాత స్కాను ఫిల్ము వెలుగులో పెట్టి చూపించింది. నల్లటి ఊపిరితిత్తుల్లో అక్కడక్కడ తెల్లగా, మబ్బుగా. నల్ల చెక్కలో చిప్ప పొదిగినట్టే ఉంది. ఆ తెలుపు నాకు తెలిసిన తెలుపు. గోడ మీద గడియారం ఉంటే దాన్ని చూస్తూ కూర్చున్నాను.

మార్చి 18

నాది డిజైన్ పనే. అబద్ధమేం కాదు. నేను ముప్పై ఏళ్ళుగా ఆ పొడిలోనే బతుకుతున్నాను, నాకు తుమ్ము కూడా రాదు. వస్తే ముందు నాకు రావాలి. కాబట్టి అది కాదు.

మార్చి 19

కాబట్టి అది కాదు.

మార్చి 20

ఆసుపత్రిలో చేర్చుకున్నారు. నాలుగు రోజులు ఉంచి పరీక్షలు చేస్తారట.

మార్చి 22

మందులు బాగా పని చేస్తున్నాయి. నడవాలో ఈ చివరి నుంచి ఆ చివరికి ఆగకుండా నడిచింది. పక్క మంచం ఆవిడతో అప్పుడే స్నేహం, వాళ్ళ కోడలి తప్పులన్నీ తనకి తెలిసిపోయాయి.

నర్సుని అడిగితే ఇంకా ఏ మందూ మొదలు పెట్టలేదంటుంది. ఏదో ఇస్తూనే ఉంటారు, మనకి చెప్పరు.

మార్చి 24, సోమవారం

ఇంటికొచ్చాం. పరీక్షల్లో ఏమీ తేలలేదు. కారణం దొరక్కపోతే ఏప్రిల్ రెండున ఊపిరితిత్తి లోంచి చిన్న ముక్క కోసి చూస్తానంది డాక్టరమ్మ. "చిన్నదే" అని వేలి కొసతో చూపించింది. నేను కోసే ఆకంత.

ముప్పై ఏళ్ళుగా కోసే మనిషిని. ఆ వేలి కొస వైపు మళ్ళీ చూడలేకపోయాను.

ఇంకా పది ఆకులున్నాయి.

మార్చి 25

ఇంట్లో. ఇవాళ రావద్దన్నాను. శాలువా కప్పుకుని వచ్చి కూర్చుంది. "ఊరికే చూస్తాను" అంది. ఊరికే చూడలేదు. నేను వద్దని చెయ్యి పట్టుకోనూ లేదు. నాలుగు ఆకులు.

సాయంత్రానికి గురక లాంటి చప్పుడు, మెలకువగా ఉండగానే. మంచం మీద కూర్చోబెట్టాను.

అప్పుడే బావ పళ్ళు పట్టుకుని వచ్చాడు. కిటికీ గట్టు మీద వేలితో రాసి చూశాడు.

"ఏంటిది?"

"పిండి" అన్నాను.

"ఇది పిండైతే నేను గిటారుని."

లోపల తను దగ్గుతోంది. ఇద్దరం వింటూ నిలబడ్డాం. ఆ దగ్గు ఆగేదాకా బావ ఆ వేలు అలాగే పైకెత్తి పట్టుకుని ఉన్నాడు. తరవాత రుమాలుకి తుడుచుకుని, చెల్లెల్ని చూసి వెళ్ళిపోయాడు.

మార్చి 26

బావ పొద్దున్నే వచ్చాడు. నా రంపం, నా చెక్క, చిప్పలు, అయిన ఆకులు అన్నీ సంచిలో వేసుకుని పోయాడు. నాతో ఒక్క మాట లేదు!

నా రంపం. దాని పిడి నా అరచేతికి అరిగి ఉంది. ఇంకెవరికి పనికొస్తుంది? పెద్ద డాక్టరు బయల్దేరాడు. ఆయన చెక్క పొడి ఇంటికి మోసుకుపోవడం లేదా? వాళ్ళావిడ గుండ్రాయిలా ఉందిగా? చెల్లెలంటే ప్రేమ ఆయన ఒక్కడికే ఉన్నట్టు. అసలు నేను ఇంట్లో కూర్చుంటున్నది ఎవరి కోసం? తన కోసం కాదూ? ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఎక్కడో వచ్చిన జబ్బుకి నా బల్ల మీద పడ్డాడు.

మార్చి 27

చేతులకి పని లేక ఈ పుస్తకం మొదటి నుంచి చదివాను.

ఆరు, ఇల్లు, దగ్గు. ఏడు, ఇల్లు, దగ్గు, జ్వరం. ఎనిమిది, ఇల్లు, పడుకుంది. పది, పదకొండు, పన్నెండు, షాపు. బాగుంది, మెట్లు, పాట. పదమూడు ఇల్లు. పద్నాలుగు ఇల్లు, ఊపిరి లేదు. ఆసుపత్రి, నడిచింది. ఇరవై అయిదు ఇల్లు.

నా చేత్తో నేనే రాసుకున్నాను. పక్కనే రంగుల వాసన అని కూడా నేనే రాశాను. వాతావరణం అని రాశాను. ఇవ్వని మందు పని చేస్తోందని రాశాను.

ఇంట్లో కోత మొదలు పెట్టక ముందే దగ్గు ఉంది కదా అని ఒక గంట సేపు ఆ కొమ్మ పట్టుకుని వేలాడాను. ఆ కొమ్మా విరిగింది. జనవరిలో గొట్టం మోటారు కాలిపోయింది. బాగు చేయించడానికి నెల పట్టింది. ఆ నెలంతా నా చొక్కాలు తెల్లగా ఇంటికొచ్చాయి. తను వాటిని బాల్కనీలో దులిపి ఉతికింది.

పొదిగేటప్పుడు ఆకు చుట్టూ సందు మిగిలిపోతే, నల్ల చెక్క పొడిని జిగురులో కలిపి పూసేస్తాం. ఆరాక చూస్తే సందు ఉన్నట్టే తెలియదు. నా అంత శుభ్రంగా పూసేవాడు లేడని బావ అందరితో చెబుతాడు.

మార్చి 28

పొద్దున తనతో చెప్పాను. పుస్తకం చూపించలేదు, నోటితోనే చెప్పాను. రోజులన్నీ వరసగా చెప్పాను.

"తెలుసు" అంది.

"ఎప్పటి నుంచి?"

"మీరు షాపుకెళ్ళిన మూడు రోజులూ మెట్లెక్కాను కదా. నాకా మాత్రం లెక్క రాదా?"

"మరి చెప్పొద్దూ!" అని అరిచాను. అరవాల్సింది నేనే అన్నట్టు.

"చెప్తే మళ్ళీ షాపుకి పోతారుగా" అంది. కాసేపు ఊపిరి తీసుకుంది. "ఇరవై మూడేళ్ళ తరవాత ఎదురుగా కూర్చున్నారు. ఇంకో నాలుగు రోజులు చూద్దామనుకున్నా."

"ఆ బెలూన్లన్నప్పుడైనా..."

"నలుగురిలో మిమ్మల్ని అబద్ధాలకోరుని చెయ్యమంటారా?"

ఏడ్చాను. రాసుకోవడానికి సిగ్గేముంది, ఎవరు చదువుతారు గనక. తను నా వీపు నిమిరింది. జబ్బు తనది, నిమిరించుకున్నది నేను.

"రేపు డాక్టరమ్మకి ఎవరు చెప్పాలి?" అన్నాను.

"మీరే చెప్పండి. నాకంత ఊపిరి లేదు" అని నవ్వింది.

మార్చి 29

చెప్పలేకపోయాను.  సంచిలోంచి ఈ పుస్తకం తీసి డాక్టరమ్మ ముందు పెట్టాను.

చదివింది. తేదీలు పెన్సిలుతో తన కాగితం మీద ఎక్కించుకుంది. ఒకచోట ఆగి, "'పెద్ద డాక్టరు' అంటే నేనా?" అంది.

"కాదండీ. మా బావ."

"ఆయన ముందే వచ్చి ఉండాల్సింది" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఊపిరితిత్తి ముక్క కోసే పని ప్రస్తుతానికి వద్దంది. తను ఆ పొడికి పూర్తిగా దూరంగా ఉండాలి, నా చొక్కా కూడా గడప దాటి రాకూడదు. మాత్రలు కొన్నాళ్ళు. "వాపు ఉన్నంత మేర తగ్గొచ్చు. గట్టిపడిన చోటు ఇక గట్టిపడిందే" అంది.

"నాకు రాలేదు కదండీ" అన్నాను. ఇంకా ఎక్కడో ఆశ.

"ఒకరి ఒళ్ళు తట్టుకుంటుంది, ఒకరిది తట్టుకోదు. ముందుగా ఎవరూ చెప్పలేరు."

"గట్టిపడింది ఎంతుందంటారు?"

"నెల తరవాత ఊదితే తెలుస్తుంది."

ఏప్రిల్ 1

తను వాళ్ళన్నయ్య ఇంట్లో ఉంది. నేనూ బావా ఇల్లంతా తడిగుడ్డలతో తుడుస్తున్నాం. అల్మరా పైన, తలుపుల మీద, గడియారం వెనక. ఎక్కడ తుడిచినా గుడ్డ తెల్లబడుతోంది. బకెట్టు నీళ్ళు ఎన్నిసార్లు మార్చామో.

 మధ్యాహ్నం బావ కుర్చీ ఎక్కి ఫ్యాను రెక్క తుడుస్తూ, నా వైపు చూడకుండా, "గొట్టం పని అని నవ్వింది నేనే కదరా" అన్నాడు.

ఇద్దరం మళ్ళీ తుడవడం మొదలు పెట్టాం.

ఏప్రిల్ 9

షాపు. రంపం నా బల్ల మీదే పెట్టి ఉంది. ఆరు ఆకులు మిగిలాయి. నీళ్ళు చల్లి కోశాను. కాగితం జారింది. మళ్ళీ అంటించాను, మళ్ళీ జారింది. చిప్ప రెండు ముక్కలైంది.

చివరికి కాగితం పక్కన పడేసి, చిప్ప మీదే సూదితో గీశాను. గీతలో కాస్త మసి రుద్దాను. నీళ్ళు పోసినా గీత పోలేదు. పొడి లేవలేదు, ముద్దయి కిందికి జారిపోయింది. పావుగంట పట్టింది ఈ ఉపాయానికి. ముప్పై ఏళ్ళలో నాకు ఒక్క పావుగంట దొరకలేదు.

నాలుగో ఆకు కోస్తూ మూల తిరిగే చోట అలవాటుకొద్దీ "ఊఁ" అన్నాను. ఎదురుగా గోడ. గొట్టం మోటారు మోగుతోంది.

ఏప్రిల్ 19

పాడే ఆవిడ గిటారు తీసుకెళ్ళింది. ఆకుల తీగ మీద చేత్తో రాసి రాసి చూసుకుంది. చివరి ఆకు కాస్త వంకర. చుట్టూ సందు కూడా మిగిలింది. పూడ్చలేదు. బావ చూశాడు.

ఏప్రిల్ 21

తను ఇంటికొచ్చింది. షాపులోనే స్నానం చేసి, వేరే చొక్కా వేసుకుని వస్తున్నాను. "కొత్త పెళ్ళికొడుకు వచ్చాడు" అంది. మెట్లెక్కేటప్పుడు రెండో అంతస్తులో ఆగింది. ఎంతసేపో మనసులో లెక్కపెట్టాను. ముప్పై రెండు.

ఏప్రిల్ 28, సోమవారం

రేపు పరీక్ష. తను హాయిగా టీవీ చూస్తోంది. నేను రెండుసార్లు పళ్ళు తోముకున్నాను.

గట్టిపడినది ఎంతో. ఎంతైనా అది నాదే.

ఏప్రిల్ 29

అదే గది, అదే అమ్మాయి. ఈసారి నన్ను బయట కూర్చోమంది.

"ఉండనీ అమ్మా" అంది తను. "ఆయన చెప్తేనే నేను ఊదేది."

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. "బెలూన్లు కాదమ్మా" అన్నాను. "నేను చిప్ప కోసేవాణ్ణి. ఆ పొడి తను ఊదేది." ఆ అమ్మాయి నన్నూ తననీ మార్చి మార్చి చూసి, ఆ పక్కన నిలబడమంది.

తను గొట్టం నోట్లో పెట్టుకుంది. కళ్ళు నా మీదే.  కనుబొమలు ఎగరేసింది, ఏం, రంపం ఆగిందేం అన్నట్టు.

"ఊఁ" అన్నాను.

ఊదింది. తెర మీద గీత తేలింది. పోయిన నెల పడిపోయిన చోటు దాటింది. ఇంకాస్త సాగింది. ఉండాల్సిన చోట చుక్కల గీత ఒకటి గీసి ఉంది, అక్కడిదాకా రాలేదు. కాస్త కిందే ఆగింది.

దగ్గు రాలేదు.

"ఇంకోసారి" అంది ఆ అమ్మాయి.

తను గుండెల నిండా గాలి తీసుకుని నా వైపు చూసింది.